విశాఖ బడికి విదేశీ బడితో జత: గ్రాంటు ఎక్కడుంటుంది, ఎలా అడగాలి

జూన్‌లో బడులు తెరిచిన నెలలోపే నాకు నలుగురైదుగురు టీచర్ల నుంచి ఫోన్లు వస్తాయి. అందరి ప్రశ్నా ఒకటే. "మాస్టారూ, మా పిల్లల చేత విదేశీ బడితో కలిపి ఏదైనా ప్రాజెక్టు చేయిద్దామనుంది, వీలైతే ఓసారి అక్కడికి తీసుకెళ్దామనుంది, గ్రాంటు ఎవరిస్తారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే, అటువైపు బడి ఏది అని. అక్కడ మాట ఆగిపోతుంది. బడి ఇంకా దొరకలేదు, డబ్బు దొరికితే బడిని వెతుకుతామంటారు. ఈ వరసలో వెళ్తే ఎన్నేళ్లయినా పని కాదు. నేను భీమిలి వైపు హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఈ పనిలో చాలా తిరిగాను, కొన్ని తప్పులు చేసి నేర్చుకున్నాను. అవన్నీ మీకు మళ్లీ ఎదురుకాకూడదనే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఏమిటంటే, బడుల మధ్య భాగస్వామ్యాలకు వచ్చే గ్రాంటు చాలామటుకు మీ బడికి రాదు, అటువైపు బడికి వస్తుంది. ఏ దేశ ప్రభుత్వమైనా తన పన్నుల డబ్బును తన పిల్లల కోసం, తన బడుల చేతికే ఇస్తుంది. అప్లికేషన్ రాసేది అక్కడి టీచరు, సంతకం పెట్టేది అక్కడి హెడ్మాస్టరు, లెక్క చెప్పేది కూడా వాళ్లే. కాబట్టి మన పని గ్రాంటు వెతకడం కాదు. సముద్రానికి అవతల ఒక టీచరు కూర్చుని "ఈ విశాఖ బడి కోసం నేను 20 పేజీల ఫారం నింపుతాను" అనుకునేలా మనం ఉండాలి. ఇది అర్థమైతే మిగతా పనులన్నీ వాటంతటవే ఒక వరసలో పడతాయి.

ఏ దేశంలో ఏ డబ్బు ఉంది

బ్రిటన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. ట్యూరింగ్ స్కీమ్ అని 2021లో మొదలైంది, యూరప్ దేశాల విద్యా మార్పిడి కార్యక్రమం ఎరాస్మస్ నుంచి బ్రిటన్ బయటికొచ్చాక దాని స్థానంలో పెట్టుకున్నారు. దీని కింద బ్రిటన్ బడి తన పిల్లల్ని ప్రపంచంలో ఏ దేశానికైనా పంపొచ్చు, పేద కుటుంబాల పిల్లలైతే ఇంకాస్త ఎక్కువ సాయం అందుతుంది. కానీ డబ్బు ఒకవైపే నడుస్తుంది. వాళ్ల పిల్లలు విశాఖ రావడానికి ఇస్తారు, మన పిల్లలు అక్కడికి వెళ్లడానికి ఇవ్వరు. ఇది విని చాలామంది నీరసపడిపోతారు. నేనైతే దీన్ని తక్కువగా చూడను. పదిమంది విదేశీ పిల్లలు వారం రోజులు మన బడిలో కూర్చుని, మన పిల్లలతో కలిసి తీరం కొలిచి, మధ్యాహ్న భోజనం పంక్తిలో తింటే, ప్రయోజనం మీ బడిలో ఉన్న నాలుగు వందల మందికీ అందుతుంది. మనమే వెళ్తే ఆరుగురికి మాత్రమే. పద్ధతులు ఏటా మారుతుంటాయి కాబట్టి స్కీమ్ ఇంకా నడుస్తోందో లేదో కనుక్కుని, ఆ ఏడాది గైడు అటువైపు టీచరు చేత చదివించండి.

జర్మనీలో ఎన్సా అని ఒక కార్యక్రమం ఉంది, అక్కడి అభివృద్ధి సహకార శాఖ డబ్బుతో నడుస్తుంది. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా బడులతో జర్మనీ బడులు కలిసి పనిచేయడానికే పెట్టింది, అందులోనూ అప్లికేషన్ జర్మనీ వైపు నుంచే వెళ్లాలి. మీ బడిలో జర్మన్ భాష చెప్తుంటే పాష్ అనే నెట్‌వర్క్ సంగతి కూడా కనుక్కోండి. 2008లో జర్మనీ విదేశాంగ శాఖ మొదలుపెట్టింది, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,000 బడులున్నాయి, ఆ బడుల పిల్లలకు జర్మనీలో భాషా కోర్సుల స్కాలర్‌షిప్పులు ఉంటాయి.

ఎరాస్మస్ ప్లస్ పేరు చెప్పి ఎవరైనా మీ హైస్కూల్ దగ్గరికి వస్తే కాస్త ఆగండి. బడి పిల్లల ప్రయాణాలకు అందులో ఇచ్చే డబ్బు యూరప్ దేశాల మధ్య, దానిలో సభ్యత్వం ఉన్న దేశాల మధ్య తిరగడానికే. భారతదేశం అందులో లేదు. డిగ్రీ అయ్యాక మాస్టర్స్ చేయాలనుకునే పిల్లలకు మాత్రం ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్పులు నిజంగానే మంచి దారి, మన దేశం నుంచి ఏటా చాలామందికి వస్తున్నాయి. ఆ రెండింటినీ కలిపేసి బడుల దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసేవాళ్లున్నారు. నిజమైన ప్రభుత్వ గ్రాంటు ఏదీ అప్లికేషన్ కోసం మీ దగ్గర డబ్బు తీసుకోదు, అది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మోసపోరు.

ఇక మన పిల్లలే నేరుగా వెళ్లే దారులు. జపాన్ వాళ్ల సకురా సైన్స్ కార్యక్రమం 2014 నుంచి నడుస్తోంది, జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ ఖర్చు పెట్టుకుంటుంది, వారం రోజులపాటు అక్కడి ల్యాబులు, యూనివర్సిటీలు చూపిస్తారు. పేర్లు మన విద్యాశాఖల ద్వారానే వెళ్తాయి, బడి సొంతంగా అప్లై చేసేది కాదు. కాబట్టి సైన్స్ ఫెయిర్లలో, ఇన్‌స్పైర్ అవార్డుల్లో మీ పిల్లల పేర్లు కనబడుతూ ఉండాలి, సర్క్యులర్ వచ్చిన రోజే హెచ్చెమ్ గారి దృష్టిలో పడాలి. అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన యెస్ కార్యక్రమంలో హైస్కూల్ పిల్లలు ఒక విద్యాసంవత్సరం అక్కడి కుటుంబంతో ఉండి అక్కడి బడిలో చదువుతారు, ఖర్చంతా వాళ్లదే, మన దేశంలో ఆ పనిని ఏఎఫ్ఎస్ ఇండియా అనే సంస్థ చూస్తుంది. నోటిఫికేషన్ పడిందా లేదా ఏటా చూసుకోవాలి, అమెరికా ప్రభుత్వ కార్యక్రమాలకు బడ్జెట్ ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు.

రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్ సంగతి మన ఊళ్లో చాలామందికి తెలియదు. విశాఖ రోటరీ క్లబ్బులన్నీ రోటరీ వాళ్ల 3020 డిస్ట్రిక్ట్ కిందికి వస్తాయి. 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు, తక్కువ రోజులకైనా ఏడాదికైనా, అటువైపు కుటుంబాల ఇంట్లో ఉచితంగా ఉండి తింటారు. విమానం టికెట్టు, బీమా, వీసా మాత్రం ఇంటివాళ్లు పెట్టుకోవాలి. అందుకే ఇది ఇప్పటిదాకా ఉన్నవాళ్ల పిల్లలకే పరిమితమైపోయింది. ఆ టికెట్టు ఖర్చు ఒక్కటి స్థానికంగా ఎవరైనా భరిస్తే ఆటో డ్రైవర్ గారి అబ్బాయి కూడా వెళ్లగలడు, క్లబ్బు వాళ్లను కలిసినప్పుడు ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు. రోటరీలోనే గ్లోబల్ గ్రాంట్ అని ఇంకోటి ఉంది, దానికి కనీస బడ్జెట్ 30,000 డాలర్లు, రెండు దేశాల క్లబ్బులు కలిసి అడగాలి. ఎక్స్ఛేంజ్ ప్రయాణాలకు అది వాడకూడదు గానీ టీచర్ల శిక్షణ, చదువు మెరుగుపరిచే పనులకు పనికొస్తుంది.

టీచర్లకు ఫుల్‌బ్రైట్ టీఈఏ అనే శిక్షణ కార్యక్రమం ఉంది, ఆరు వారాలు అమెరికాలో. ఢిల్లీ, హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో ఆఫీసులున్న యూసీఫ్ (అమెరికా-ఇండియా విద్యా ఫౌండేషన్) దాన్ని చూస్తుంది. దీన్ని నేను ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, విదేశీ బడి దొరకడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టి దారి లేదు. ఆరు వారాలు ఒకే గదిలో కూర్చున్న టీచర్లు తర్వాత పదేళ్లయినా మెయిల్‌కి జవాబిస్తారు.

మన ఊరి కంపెనీల సీఎస్ఆర్ డబ్బు, అంటే సమాజం కోసం వాళ్లు పెట్టే ఖర్చు గురించి ఒక్క మాట. రిఫైనరీ, పోర్టు, ఎన్టీపీసీ, ఇలా విశాఖలో పెద్ద సంస్థలకు కొదవలేదు, చదువు సీఎస్ఆర్ జాబితాలో ఉంది కూడా. అయితే దేశం బయట చేసే పనులు సీఎస్ఆర్ లెక్కలోకి రావని రూల్స్‌లోనే ఉంది, క్రీడాకారుల శిక్షణ ఒక్కటే మినహాయింపు. అందుకని విమానం టికెట్లు అడిగితే వాళ్లు ఇవ్వలేరు. కంప్యూటర్లు, ఇంటర్నెట్, మంచి మైకు, స్పోకెన్ ఇంగ్లిష్ టీచరు, వీటికి అడగండి. ఆన్‌లైన్ భాగస్వామ్యం నిలబడేది వీటి మీదే.

విదేశీ డబ్బు ఖాతాలో పడితే

ఈ భాగం మాత్రం నెమ్మదిగా చదవండి, ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. మొదటి ఏడాది అటువైపు పిల్లలు ఇంట్లో కేకులు చేసి బడిలో అమ్మి, మా పిల్లల ప్రాజెక్టు కోసం కొంత డబ్బు పోగుచేశారు. ఎంతో ఆనందంగా మెయిల్ పెట్టారు. మా వైపు ఒక చిన్న ట్రస్టు ఉంటే, మంచివాళ్లే, వాళ్ల ఖాతా నంబరు ఇచ్చేశాను. డబ్బు వచ్చింది, బ్యాంకు ఆపేసింది, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఏదని అడిగింది. లేదు. అది తిరిగి వెళ్లడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ నాకు నిద్రలేదు, అక్కడి పిల్లలకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు.

చట్టం ఏం చెప్తుందంటే, విదేశీ మూలం నుంచి విరాళం తీసుకోవాలంటే సంస్థకు 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి కనీసం మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో తన అసలు పనుల మీద 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, అక్కడినుంచే మీ ఊరి ఖాతాకు రావాలి. ఇంకోటి, రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ ఆ డబ్బును తీసుకుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా అప్పటినుంచి కుదరదు. "మా తెలిసినవాళ్ల ఎన్జీవోకి ఉంది, దాంట్లో వేయించుకుని మనం తీసుకుందాం" అనే సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరిస్తారు, వినకండి.

మరి ఎన్నారైలు? ఇది మన తెలుగువాళ్లకు బాగా కావాల్సిన సంగతి. అమెరికాలో ఉన్న మీ పూర్వ విద్యార్థి ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద ఉంటే విదేశీ మూలమే. ఊరు ఒకటే, మనిషి ఒకరే, పాస్‌పోర్టు రంగు మారితే చట్టం మారుతుంది. కాబట్టి డబ్బు ఇస్తానన్న వాళ్లను ముందే అడగండి, అడిగితే ఏమీ అనుకోరు.

చిన్న బడులకు నేను చెప్పే దారి ఇది: డబ్బు మన వైపు రానీయకండి. టికెట్లు, బస, బీమా అటువైపు బడే నేరుగా కొనేలా ప్రాజెక్టు రాయించండి, మన వైపు ఖర్చులు మన వైపు డబ్బుతోనే నడపండి. ప్రైవేటు బడి అయితే మీ ఆడిటరు గారికి కాగితం చూపించాకే ముందుకెళ్లండి. ప్రభుత్వ బడి అయితే హెచ్చెమ్ గారి ద్వారా డీఈఓ ఆఫీసుకు రాతపూర్వకంగా పెట్టి, అటునుంచి అనుమతి కాగితం వచ్చాకే ఏదైనా.

ప్రభుత్వ టీచర్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. విదేశీ సంస్థ మీ ప్రయాణం, బస ఖర్చు పెట్టుకుంటే అది విదేశీ ఆతిథ్యం అవుతుంది, ప్రభుత్వ ఉద్యోగి దాన్ని తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖకు ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ప్రయాణానికి రెండు వారాల ముందైనా అది చేరాలంటుంది రూలు. మన శాఖ ఇచ్చే నో అబ్జెక్షన్ వేరు, ఇది వేరు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

అటువైపు టీచరును ఎలా పట్టుకోవాలి

పెద్ద బడుల ఆఫీసు మెయిల్‌కి రాస్తే జవాబు రాదు. టీచరుకు రాయాలి. ఐఎర్న్ అనే నెట్‌వర్క్ 1988 నుంచి ఉంది, 140కి పైగా దేశాల టీచర్లు అందులో ప్రాజెక్టులు పెడతారు, ఒకదానిలో చేరిపోవడం తేలిక. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల ఇంటర్నేషనల్ స్కూల్ అవార్డు ద్వారా కూడా చాలా బడులకు పరిచయాలు కలిశాయి, అది డబ్బు ఇచ్చేది కాదు, గుర్తింపు ఇచ్చేది, కానీ ఏడాదంతా విదేశీ అంశం మీద వరసగా పనిచేయించి బడికి ఒక క్రమం అలవాటు చేస్తుంది. విదేశాల్లో టీచర్లుగా ఉన్న మన తెలుగువాళ్లు ఉన్నారు, మీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టి చూడండి.

అయితే ఏం చెప్పి పిలుస్తారు? "సాంస్కృతిక మార్పిడి చేసుకుందాం" అంటే ఎవరూ కదలరు, ఆ మాట వాళ్లు వందసార్లు విని ఉంటారు. మన చేతిలో ఉన్నదాన్ని చూపించాలి, విశాఖలో ఉన్నదేమో చిన్నది కాదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి, ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకలో తప్ప కనబడవు. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలున్నాయి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి, వాటికి చెట్ల నుంచి తీసిన రంగులు వేస్తారు. అరకు కాఫీ ఉంది. ఆర్కే బీచ్ కోత ఉంది. వీటిలో ఒకటి పట్టుకుని, అదే సమస్య ఉన్న ఊరి బడిని వెతకండి. తీరం కోతకు గురవుతున్న ఊరు ఇంగ్లండులో ఉంది, జపాన్‌లో ఉంది.

మా పిల్లలు చేసిన పని చెప్తాను, దీన్ని మీరు యథాతథంగా వాడుకోవచ్చు. తీరం మీద మూడు చోట్ల కదలని గుర్తు ఒకటి పెట్టుకున్నాం, ఒకచోట కరెంటు స్తంభం, ఒకచోట గుడి ప్రహరీ మూల, ఒకచోట పాత పడవలు లాగే కాంక్రీటు దిమ్మ. నెలకోసారి, పౌర్ణమి తర్వాత వచ్చే శనివారం, ఆ గుర్తు నుంచి అలల తడి ఆగిన చోటికి టేపుతో కొలుస్తారు. ఒకరు టేపు పట్టుకుంటారు, ఒకరు చదువుతారు, ఒకరు నోటుబుక్కులో రాసి ఫోటో తీస్తారు. ఖర్చు 30 మీటర్ల టేపు ఒక్కటే. అటువైపు పిల్లలు వాళ్ల ఊళ్లో అదే రోజు అదే పద్ధతిలో కొలుస్తారు. మార్చి వచ్చేసరికి రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టాం. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తె, క్లాసులో నోరు విప్పనిది, కెమెరా ముందుకొచ్చి వేలితో గ్రాఫు చూపిస్తూ "అక్టోబర్‌లో మా దగ్గర తుపాను, మీ దగ్గర ఏమైంది?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. రూపాయి గ్రాంటు లేకుండా జరిగిన పని అది. ఆ తర్వాతి ఏడాది అటువైపు టీచరే "దీనికి మేం అప్లై చేస్తాం" అన్నారు.

ఒక ఏడాది ఇలా డబ్బు లేకుండా నడపండి. గ్రాంటు ఇచ్చేవాళ్లు ఈ బడులు నిజంగా కలిసి పనిచేస్తాయా అనే చూస్తారు, ఏడాది రికార్డు ఉంటే అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. వీడియో కాల్‌కి టైము ముందే తేల్చుకోండి. మనకు మధ్యాహ్నం రెండున్నర అయినప్పుడు బ్రిటన్‌లో చలికాలం ఉదయం తొమ్మిది, వేసవిలో పది, అంటే వాళ్ల మొదటి పీరియడ్లు, మన చివరి పీరియడ్లు, బాగా కలుస్తుంది. జపాన్ అయితే మనకు ఉదయం తొమ్మిదిన్నర, వాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంట. అమెరికాతో లైవ్ కుదరదు, వీడియోలు రికార్డు చేసి పంపుకోండి.

అప్లికేషన్‌లో మన వంతు

ఫారం వాళ్లు నింపినా సగం సమాచారం మన దగ్గరి నుంచే వెళ్లాలి. అడిగిన రోజే ఇచ్చే బడికి మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది. బడి గురించి రెండు పేజీలు ఇంగ్లిష్‌లో ముందే రాసి పెట్టుకోండి: యూడైస్ నంబరు (ప్రభుత్వం బడికిచ్చిన కోడు), ఎంతమంది పిల్లలు, అందులో ఆడపిల్లలెందరు, తల్లిదండ్రులు ఏ పనులు చేస్తారు, మొదటి తరం చదువుకునేవాళ్లెందరు, ఇంటర్నెట్ ఎలా ఉంది. ఇవి ఉన్నదున్నట్టు రాయండి. గొప్పలు అక్కర్లేదు, పేదరికాన్ని పెంచి చూపించడం అసలే వద్దు, మన పిల్లల ఫోటో జాలి కోసం వాడనీయకండి.

"పిల్లలకు ప్రపంచ జ్ఞానం కలుగుతుంది" లాంటి వాక్యానికి మార్కులు రావు. "32 మంది తొమ్మిదో తరగతి పిల్లలు ఏడు నెలలు, మూడు చోట్ల తీరం కొలుస్తారు, చివర్లో గ్రామ సచివాలయంలో వాళ్లే వివరించి చెప్తారు" అంటే వస్తాయి. ఎవరు, ఎంతమంది, ఎన్ని నెలలు, చివరికి చేతికి ఏం వస్తుంది. పిల్లల్ని ఎలా ఎంపిక చేస్తారో కూడా రాయమంటారు. ఇక్కడ నాకు ఖచ్చితమైన అభిప్రాయం ఉంది: మార్కుల మీద, ఇంగ్లిష్ మీద ఎంపిక చేయొద్దు. ఏడాదంతా ఆ ప్రాజెక్టులో ఎవరు చెయ్యి పెట్టారో వాళ్లలోంచి తీయండి. 2023 సెప్టెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల నుంచి పదిమంది పిల్లలు అమెరికా వెళ్లి ఐక్యరాజ్యసమితి చూసొచ్చారు, కూలి పనులు చేసుకునే ఇళ్ల పిల్లలున్నారు వాళ్లలో. మన పిల్లలకు భాష అడ్డం కాదని తెలుసుకోవడానికి అది చాలు.

పిల్లల భద్రత పాలసీ లేకపోతే యూరప్ వైపు ఏ ఫారమూ ముందుకు కదలదు. రెండు పేజీలు చాలు: పిల్లలతో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండరు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం ఏం చేస్తాం, ఆడపిల్లలతో లేడీ టీచరు తప్పనిసరి, ఫోటోలు ఎవరు ఎక్కడ పెట్టొచ్చు. తల్లిదండ్రుల సంతకం కాగితం తెలుగులో ఉండాలి, చదవలేని వాళ్లకు చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. ఇది అవతలివాళ్ల కోసం చేసే పని అనుకోవద్దు, మన పిల్లల కోసం.

బడ్జెట్‌లో మనవాళ్లు మర్చిపోయేవి ఎప్పుడూ చిన్నవే. పిల్లాడి పాస్‌పోర్టు 1,000 రూపాయలు. వీసా వేలిముద్రల కోసమో ఇంటర్వ్యూ కోసమో హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ టికెట్లు, అక్కడ ఒక పూట భోజనం, ఆ రోజు కూలి పోయిన తండ్రికి ఆ కూలి. చలి దేశమైతే స్వెటరు, బూట్లు, సూట్‌కేసు. ఇవి రాయకపోతే జరిగేదేమిటంటే, ఎంపికైన పిల్ల ఇంట్లో చెప్పుకోలేక చివర్లో "నాకు రావాలని లేదు సార్" అంటుంది. ఇలాంటి పిల్లను చూశాక నేను మొదట రాసే లైను బూట్లదే. ఒకే వీసాతో తిరిగే యూరప్ షెంగెన్ దేశాలకు చదువు పని మీద వెళ్లే బడి పిల్లలకు, వెంట వెళ్లే టీచర్లకు వీసా ఫీజు మినహాయింపు ఉంది, అడిగి తీసుకోండి, వీసా సెంటర్ సర్వీసు చార్జీ మాత్రం ఉంటుంది. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

పాస్‌పోర్టు గొడవ

గ్రాంటు వచ్చాక పాస్‌పోర్టు చూసుకుందాం అనుకుంటే బస్సు తప్పిపోయినట్టే. మన కోస్తా పిల్లలందరికీ ఉండే తంటా ఇంటిపేరు. ఒకసారి మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు బయట ఒక తండ్రి, రాత్రంతా వేటకెళ్లి పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ నుంచి నేరుగా వచ్చిన మనిషి, పాలిథిన్ కవర్లోంచి కాగితాలు తీసి ఒక్కొక్కటీ మోకాలి మీద పరిచాడు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు మొత్తం. స్కూల్ రికార్డులో ఇంటిపేరే లేదు, పైగా పేరు చివర ఒక అక్షరం తేడా. "ఏటి మాస్టారూ, మా ఇంటిపేరు తప్పయిపోనాదా?" అని అడిగాడు. తప్పు ఆయనది కాదు, ఆరేళ్ల కిందట రిజిస్టర్‌లో తొందరగా రాసిన మాది.

అందుకని ప్రాజెక్టు మొదలైన నెలలోనే పిల్లలందరి ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్కూల్ రికార్డు పక్కపక్కన పెట్టి చూడండి. మూడిట్లోనూ ఇంటిపేరు పూర్తిగా, ఒకే స్పెల్లింగులో ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్షకు పంపే పేర్ల జాబితా) వెళ్లకముందే సరిచేస్తే పిల్లలకు జీవితాంతం పనికొస్తుంది, విదేశం వెళ్లినా వెళ్లకపోయినా. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి సంతకంతో అనెక్షర్ డి అనే డిక్లరేషన్ కాగితం కావాలి, ఒక్కరే ఉన్న ఇంట్లో అనెక్షర్ సి. 15 దాటిన పిల్లలకు 1,500 కట్టి పదేళ్ల పాస్‌పోర్టు తీసుకునే వీలుంది, అదే తీయించండి.

వాళ్లు మన దగ్గరికి వస్తే విదేశీ అతిథులు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు విదేశీయుల రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో ఎక్కించాలి, లాడ్జి అయితే వాళ్లే చేస్తారు, ఇంట్లో ఉంచుకుంటే ఆ ఇంటివాళ్లదే బాధ్యత. తేదీలు నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్యలోకి పెట్టండి, సంక్రాంతి వారం కలిస్తే ఇంకా మంచిది, భోగిమంట చూసిన పిల్లలు దాన్ని మర్చిపోరు. అక్టోబర్ మాత్రం వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది, ఆ నెలలో పరాయి పిల్లల బాధ్యత నెత్తిన పెట్టుకోవద్దు.

మొదటి మెయిల్ ఆగస్టు చివరి వారంలో పంపండి. బ్రిటన్ బడులు సెప్టెంబర్‌లో తెరుస్తారు, ఆ ఏడాది ఏం చేయాలా అని టీచర్లు అప్పుడే ఆలోచిస్తుంటారు. పది వాక్యాలు మించకూడదు. మీ పేరు, మీరు చెప్పే సబ్జెక్టు, బడి సముద్రానికి ఎంత దూరంలో ఉంది, పిల్లలు కొలిచిన ఒక లెక్క, ఒక ఫోటో, "మీ పిల్లలు కూడా ఇలా కొలవగలరా, నెలకోసారి అరగంట కలుద్దామా" అనే ప్రశ్న, మీకు కుదిరే రెండు టైములు వాళ్ల గడియారం ప్రకారం. డబ్బు మాట అందులో రాయకండి. పదిహేను మందికి పంపితే ఇద్దరు జవాబిస్తారు, రెండు వారాలు చూసి మిగతావాళ్లకు ఒక్కసారి గుర్తుచేయండి. ఆ ఇద్దరిలో ఎవరు సొంతంగా రెండో ప్రశ్న అడుగుతారో వాళ్లతో మొదలుపెట్టండి.